పుంటికూర పాఠం ఎవరు చెప్పాలి?

ఈమధ్య ఏ సభకు పోయినా ఒక మాట వినబడుతున్నది. "ఈకాలం పిల్లలకు కూరగాయల పేర్లు కూడా తెలియవు, ఎప్పుడు చూసినా ఫోను, చేతిలో చిప్స్ ప్యాకెట్టు" అని. అధికారులు అంటారు, నాయకులు అంటారు, డాక్టర్లూ అంటారు. అన్నవాళ్లంతా ఆ వెంటనే తల్లుల వైపు చూస్తారు. పిల్లలకు తెలియడం లేదన్న మాట నిజమే. అయితే తెలియకుండా ఎట్లా పోయింది అని మాత్రం ఎవరూ అడగరు. సంగారెడ్డిలో బస్సెక్కి ముంబై రోడ్డు మీద పటాన్‌చెరు దాకా పోతే జవాబు కిటికీలోంచే కనబడుతుంది. కంది, రుద్రారం, ఇస్నాపూర్, ముత్తంగి దాటుకుంటూ పోతాం. రెండు పక్కలా ప్రహరీ గోడలు, గోదాములు, వెంచర్ల కమాన్లు. పిల్లవాడు చూద్దామన్నా చేను ఏదీ?

మా ఈడు వాళ్లలో ఎవరికీ కూరల పాఠం ఎవరూ చెప్పలేదు. బడి లేనినాడు అమ్మ వెంట చెలకకు పోతే సరిపోయేది. కలుపు తీసేటప్పుడు అమ్మ కొంగును ఒడి కట్టుకునేది. పీకిన మొక్కల్లో కొన్ని గట్టు మీదికి పోయేవి, కొన్ని ఒడిలోకి పోయేవి. ఒడిలోకి పోయింది రాత్రికి కూర. తుమ్మికూర, గంగవాయిలి, పొనగంటి, దొగ్గలి, చెంచలి, ఏది గట్టుకు, ఏది ఒడికి అన్నది చూసి చూసి పట్టుబడేది. వినాయక చవితినాడు తుమ్మికూర తినాలి గదా, పొద్దున్నే దాన్ని తెమ్మని పిల్లలనే పంపేవాళ్లు. తప్పు ఆకు తెస్తే పక్కింటి అవ్వ నవ్వేది. మళ్లా ఏడాది ఎవరూ తప్పు తెచ్చేవాళ్లు కాదు. చలికాలం వస్తే అనపకాయలు ఉప్పేసి ఉడకబెట్టుకొని తినడం, పచ్చి కందికాయలు మంటలో వేసుకోవడం, జొన్నగింజ పాలుతాగి గట్టిపడకముందు కంకి కాల్చి నలుచుకొని ఊచబియ్యం బుక్కడం. పుంటికూరలో ఎర్రకాడది ఎంత పులుపు, తెల్లకాడది ఎంత పులుపు అన్నది నాలుకకే తెలుసు. ఇవన్నీ తెలిసినందుకు మాకు ఎవరూ సర్టిఫికెట్టు ఇవ్వలేదు.

ఆ చెలకలు ఎక్కడికి పోయినయో మన సభ్యులకు చెప్పక్కర్లేదు, కొత్తగా చేరిన పిల్లగాళ్ల కోసం రాస్తున్నాం. 1970లలో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ వచ్చింది. తర్వాత బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, పాశమైలారం. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు. వాటి మురికి నక్కవాగులో పడింది, నక్కవాగు పోయి మంజీరలో పడుతుంది. వాగు వెంట ఉన్న పోచారం, బాచుగూడ, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట దిక్కున బాయిల నీళ్లు రంగు మారాయి, వరి మళ్లు చెడ్డాయి. పటాన్‌చెరులో వైద్యం చేసుకునే డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు రైతుల పక్కన నిలబడ్డారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. కోర్టు చెప్పాక కొన్ని ఊళ్లకు నష్టపరిహారం కూడా వచ్చింది. పైసలు వచ్చినంత మాత్రాన వాగు పాత వాగు కాలేదు. నీళ్లు చెడిన భూమిని రైతు ఎన్నాళ్లు పట్టుకుంటాడు? అమ్మాడు. అమ్మినచోట గోదాము లేచింది. మిగిలిన చెలకల్లో పత్తి పెట్టి కలుపుమందు కొడుతున్నాం, ఎందుకంటే కూలి గిట్టదు. మందు కొట్టిన చేనులో తుమ్మి మొలవదు, గంగవాయిలి మొలవదు. ఒడి కట్టుకునే పని లేకుండా పోయింది. అందుకే ముందు ఒప్పుకోవాల్సింది ఏమిటంటే, పిల్లల చేతిలోంచి ఈ చదువును గుంజుకున్నది ఫోను కాదు. ఫోను నిన్నగాక మొన్న వచ్చింది.

పోయిన ఏడాది మా కమిటీ వాళ్లం నలుగురం ఇస్నాపూర్ దగ్గర ఒక సర్కారు బడికి గంపలో కూరలు పెట్టుకొని పోయాం. నాలుగు, అయిదు తరగతుల పిల్లలను కూర్చోబెట్టి ఒక్కొక్కటి చేతికిచ్చి పేరు అడిగాం. టమాట, ఉల్లిగడ్డ, మిరపకాయ అందరూ చెప్పారు. పుంటికూర సగం మంది చెప్పారు. పచ్చి కందికాయను బటాణీ అన్నారు. జొన్నకంకిని ఒక పిల్ల "పిట్టల కోసం బాల్కనీలో కట్టేది" అన్నది. ఆ పిల్ల తప్పేమీ చెప్పలేదు, ఆమె చూసింది అదే. మేము అనుకోనిది ఒకటి జరిగింది. బచ్చలికూర బయటికి తీయగానే వెనక వరుసలో ఒక పిలగాడు లేచి "పొయి శాగ" అన్నాడు. ఒడిశా నుంచి కంపెనీ పనికి వచ్చినవాళ్ల కొడుకు. మునగాకు చూపిస్తే దాని పేరూ చెప్పాడు, వాళ్ల అమ్మ ఎట్లా వండుతుందో కూడా చెప్పాడు. అతని తల్లిదండ్రులు అక్కడి ఊళ్లో సేద్యం చేసినవాళ్లే. రెండేళ్ల కిందటిదాకా ఆ పిలగాడు చేనులో తిరిగాడు. ముందు వరుసలో కూర్చున్న మన ఊరి పిల్లల తాతలు ఒకప్పుడు ఇదే నేలలో కూరగాయలు పండించి పటాన్‌చెరు సంతకు తెచ్చినవాళ్లు. ఇక్కడివాళ్లకు ఎక్కువ తెలుసు, వలస వచ్చినవాళ్లకు తెలియదు అని మనం అనుకుంటాం. చేను దగ్గర ఎవరు ఉన్నారో వాళ్లకే తెలుస్తుంది.

సరే, ఇప్పుడు ఎవరు నేర్పాలి?

తల్లులు అంటున్నారు. ఈ బెల్టులో తల్లి ఎక్కడున్నదో చూశారా? పొద్దున షిఫ్టుకు పోయి మందుగోలీలు డబ్బాల్లో పెడుతున్నది, ఓటీ ఉంటే చీకటి పడ్డాక వస్తున్నది. ఇరుకు కిరాయి గది, ఒక స్టవ్వు. వచ్చేటప్పుడు దారిలో దొరికిన టమాటలు, గుడ్లు తెస్తుంది. ఆమెకు పాఠం చెప్పే పని కూడా అంటగట్టడం అన్యాయం. సార్లు నేర్పాలి అంటారు. సార్లకు పుస్తకం ఉంది, అందులో బొమ్మలు ఉన్నాయి, పూర్తి చేయాల్సిన రిపోర్టులు ఉన్నాయి. చాలామంది సార్లు రైతుబిడ్డలే, మనసు లేక కాదు, సమయం లేదు. మూడోవాళ్లు కంపెనీలు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. ఆ పైసలతో బడి గోడలకు రంగులేస్తారు, "పండ్లు తినండి, ఆరోగ్యంగా ఉండండి" అని రాయిస్తారు. మేము చూసిన ఒక గోడ మీద ఆపిల్, స్ట్రాబెర్రీ బొమ్మలు వేశారు. మన జిల్లాలో కోహీర్ జామకు పేరుంది. సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రంలో వందల రకాల మామిడి చెట్లు ఉన్నాయి. అవేవీ ఆ గోడకు ఎక్కలేదు. వాగును చెడగొట్టినవాళ్లలో కొందరు మన పిల్లలకు తాజా తిండి గురించి గోడరాతలు రాయడం మాకైతే మింగుడుపడదు.

మా మాట సూటిగా చెబుతాం. ఈ పాఠం రైతు చెప్పాలి. అందులోనూ ఆడరైతు చెప్పాలి, ఎందుకంటే విత్తనం, కలుపు, కూర మూడూ ఆమె చేతిమీదుగా నడిచాయి. ఊరికే రమ్మంటే మాత్రం ఒప్పుకోవద్దు. సారుకు జీతం ఇస్తున్నారు, కంప్యూటర్ నేర్పేవాళ్లకు ఇస్తున్నారు. అరవై ఏళ్ల అవ్వ తన పని వదులుకొని బడికి వస్తే ఆమెకు ఒకరోజు కూలికి తక్కువ కాకుండా ఇవ్వాలి. రైతును పిలిచి శాలువా కప్పి, ఫొటో దిగి, చాయి తాగించి పంపడం మనకు అలవాటైన మర్యాద. ఆ మర్యాద మనకు వద్దు.

ఇది కొత్త ముచ్చటేమీ కాదు. మన జిల్లాలోనే, ఝరాసంగం దగ్గర మాచ్‌నూర్‌లో 1993లో పచ్చసాలె పెట్టారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, జహీరాబాద్ దిక్కు దళిత మహిళా సంఘాలు కలిసి నడిపిన బడి అది. పిల్లలు సర్కారు పుస్తకాలు చదువుతూనే సేద్యం, వడ్రంగం, కుట్టుపని నేర్చుకున్నారు. ఆ సంఘాల ఆడవాళ్లు మనం కలుపు అని పీకిపారేసే మొక్కల్లో తినేవి ఎన్నో పదులు లెక్కగట్టి చూపించారు. ఏటా చలికాలంలో ఎడ్లబండ్ల మీద పాతపంటల విత్తనాలు పెట్టుకొని ఊరూరా జాతర చేశారు. ఆ పనికి ముందుండి నడిచిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో చనిపోయారు. వాళ్లతో కొన్ని విషయాల్లో మన సంఘానికి వాదం ఉంది, ధరల సంగతి వాళ్లు ఎక్కువ మాట్లాడరని మన ఫిర్యాదు. అయినా పిల్లల చదువు విషయంలో వాళ్లు చేసి చూపించారు, అది కాదనలేం.

ఇంకా దగ్గర చూడండి. పటాన్‌చెరు రోడ్డు పక్కనే 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, శనగ, కంది, పల్లి, రాగి, చిరుధాన్యాల విత్తనాల రకాలు లక్షా ఇరవై వేలకు పైగా అక్కడ చల్లటి గదుల్లో భద్రంగా ఉన్నాయి. ఎన్నో దేశాల నుంచి వచ్చి చూసిపోతారు. దాని గోడకు బయట ఉన్న బడి పిల్లలకు జొన్నకంకి పిట్టల మేతగా తెలుసు.

చట్టం అడ్డమొస్తుందని ఎవరన్నా అంటే నమ్మవద్దు. 2020 జాతీయ విద్యావిధానంలోనే ఉంది, 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేని రోజులు పెట్టి, వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటి పనివాళ్ల దగ్గర నేర్పించాలని. ఆ విధానంలో మాకు నచ్చనివి చాలా ఉన్నాయి, అది వేరే సంచికలో మాట్లాడుకుందాం. తోటమాలి పేరు రాసిన చోట రైతు పేరు ఎందుకు గుర్తురాలేదో ఢిల్లీవాళ్లనే అడగాలి. 2019లో కేంద్రం బడితోటల గురించి మార్గదర్శకాలు కూడా పంపింది. కాగితం అయితే వచ్చింది. తోటకు నీళ్లు ఎవరు పోయాలి, ఎండాకాలం సెలవుల్లో ఎవరు చూడాలి అన్నది తేలక మేము తిరిగిన చాలా బడుల్లో తోట నాటిననాడు ఫొటో దిగడంతో అయిపోయింది.

అసలు పాఠం జరగాల్సింది మధ్యాహ్న భోజనం దగ్గర. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చింది, 2003 నుంచి మన దగ్గర వండిన అన్నం పెడుతున్నారు. లెక్క ప్రకారం చిన్నతరగతుల పిల్లకు రోజుకు 50 గ్రాముల కూరగాయలు, పైతరగతుల పిల్లకు 75 గ్రాములు. పైతరగతుల్లో 200 మంది ఉన్న బడి అనుకోండి. రోజుకు 15 కిలోలు. బడి నడిచే 220 రోజులకు 33 క్వింటాళ్లు. ఒక్క బడికే ఇంత. మండలంలో ఉన్న బడులన్నీ కలిపితే ఎంతమంది చిన్నరైతులకు ఏడాది పొడుగునా అమ్మకం దొరుకుతుందో మీరే గుణించుకోండి. దళారి లేడు, కమీషన్ లేదు, రేటు ముందే మాట్లాడుకోవచ్చు. బడికి సెలవులొచ్చే ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గరా బోర్లు ఎండుతాయి, కూరగాయ తక్కువే.

కానీ మన బెల్టులో చాలా బడులకు అన్నం కంది దగ్గర ఉన్న పెద్ద వంటశాల నుంచి వ్యాన్లలో వస్తుంది. శుభ్రంగా, వేళకు వస్తుంది, దాన్ని మేము తక్కువ చేయం. ఊళ్లో వండే అక్కలకు కేంద్రం 2009లో నెలకు 1000 రూపాయలని పెట్టి ఏళ్ల తరబడి అక్కడే ఉంచింది, బిల్లులు నెలలకు నెలలు ఆగుతాయి, కట్టెల పొగలో వాళ్ల అవస్థ మనకు తెలుసు. అయినా ఒకటి పోయింది. బడిలోనే వంట జరిగితే పిల్లలు ఆటల గంటలో కూరగాయ తరుగుతుంటే చూస్తారు, "అక్కా ఇదేంది" అని అడుగుతారు. మూతపెట్టిన డబ్బాలో వచ్చే సాంబారును ఏమని అడగాలి? వంట ఎక్కడ జరిగినా సరే, కూరగాయ మాత్రం ఈ మండలం రైతు దగ్గర కొనాలి. ఏ రోజు కూర ఎవరి చేనుది అన్నది బడి బోర్డు మీద రాయాలి. బ్రెజిల్‌లో 2009లో చట్టం చేశారు. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే పైసల్లో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల దగ్గర కొనడానికే పెట్టాలని అప్పుడు అందులో రాశారు. జపాన్‌లో 2005లో తిండిచదువుకే ఒక చట్టం చేసుకున్నారు. మన కేంద్రం కూడా 2021లో పథకానికి పీఎం పోషణ్ అని పేరు మార్చినప్పుడు రైతు ఉత్పత్తిదారుల సంఘాలను, మహిళా సంఘాలను ప్రోత్సహిస్తామన్నది. ప్రోత్సాహం అన్న మాటకు అంకె లేదు. మనం అడగాల్సింది ఆ అంకె.

ఇక్కడిదాకా మా మండల సమావేశంలో అందరూ తలూపారు. తర్వాత నక్కవాగు పక్క ఊరి అక్క ఒకామె లేచి అడిగింది. "అన్నా, మా బోరు నీళ్లకు పెరిగిన కూరనా పిల్లలకు పెట్టుమంటున్నవు?" కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఆమె అడిగింది న్యాయం. తాజా కూర మంచిదని ఊరూరా చెప్పొచ్చు గానీ ఈ బెల్టులో ఆ మాట సగమే. ఇక్కడ ఆకుకూర పొద్దున కోసి మధ్యాహ్నానికి వండినా అది ఏ నీళ్లు తాగిందో తెలియాలి. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితం అచ్చువేశారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. కొన్ని సూక్ష్మజీవులను చంపే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైన అని వాళ్లు రాశారు. శుద్ధి చేశాం అన్న నీళ్ల సంగతి అది. తర్వాత ఆ నీళ్లను గొట్టం వేసి హైదరాబాద్ అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. అక్కడి నుంచి మూసీలోకి. మూసీ కింద తోటకూర, పాలకూర పండించే రైతులూ మనవాళ్లే, అక్కడా బడులున్నాయి.

కాబట్టి మేము ఆ అక్కకు చెప్పిన జవాబు ఇది. పిల్లలకు నేర్పే మొదటి ప్రశ్న కూర పేరు ఒక్కటే అయితే చాలదు, "ఇది ఏ నీళ్లకు పండింది?" అన్నదీ ఉండాలి. బడికి కూర ఇచ్చే ప్రతి రైతు బోరునీళ్లనూ మట్టినీ సర్కారు తన ఖర్చుతో ఏడాదికి రెండుసార్లు, ఒకసారి ఎండాకాలంలో, ఒకసారి వానలు వెళ్లాక పరీక్షించాలి. ఫలితం తెలుగులో బడి గోడ మీద రాయాలి, ఆ ఆపిల్ బొమ్మ పక్కనే రాసినా మాకు అభ్యంతరం లేదు. బాగాలేదని తేలితే ఆ రైతును దోషిని చేసి కొనుగోలు ఆపడం కుదరదు. ఆ నీళ్లను చెడగొట్టినవాళ్లతో అతనికి మంచినీళ్లు ఇప్పించాలి, ఇచ్చేదాకా నష్టం కట్టించాలి. ఇది చదువు కోసం అడుగుతున్న కోరిక కనుక కాలుష్య నియంత్రణ మండలి మీద ఒక్కదాని మీదే వదిలేయకుండా విద్యాశాఖను కూడా ఇందులోకి లాగాలి. అయిదో తరగతి పిల్ల తన బడి గోడ మీద బోరునీళ్ల లెక్క రోజూ చదువుతుంటే, దాచేవాళ్లకు కొంచెం కష్టమవుతుంది.

మనలో కొందరికి ఇంకో అనుమానం ఉంది. "మన పిల్లలను మళ్లీ మట్టిలోకి దింపుతారా? చదువుకొని బయటపడనీయండి" అని. ఆ కోపం మాకు అర్థమవుతుంది. పత్తికి ధర లేక, కూరగాయకు మార్కెట్టులో గంటకో రేటు చూసిన రైతు తన బిడ్డకు పొలం చూపించాలనుకోడు. అందులో అతని తప్పు లేదు. కానీ కూర తెలిసిన పిల్ల రైతే కానక్కర్లేదు. ఆమె రేపు ఇంజినీరు కావచ్చు, తహసీల్దారు కావచ్చు. జహీరాబాద్ దిక్కు న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ కోసం పన్నెండు వేల ఎకరాలకు పైగా గీత గీసినప్పుడు, ఆ గీతలోపల ఏముందో తెలిసినవాళ్లు ఆ ఆఫీసుల్లో ఎంతమంది ఉన్నారు? అనుములు, కంది, జొన్న కలిపి వేసిన చేనును చూసి కాగితంలో "ఖాళీ భూమి" అని రాసేవాళ్లు ఎక్కడినుంచో ఊడిపడలేదు, వాళ్లూ ఏదో ఒక బడిలో చదువుకున్నవాళ్లే.

మండల కమిటీలకు ఈ వానాకాలానికి పని ఇది. బడులు జూన్‌లో తెరుచుకోగానే ఒక్కో కమిటీ ఒక్కో సర్కారు బడి హెడ్‌మాస్టరును కలవాలి. సంచి లేని రోజుల్లో కనీసం రెండు మన చేనులో జరపమని అడగాలి. పాఠం చెప్పే ఇద్దరు ఆడరైతుల పేర్లు, ఇవ్వాల్సిన కూలి రాసిన కాగితం ఆయన చేతికే ఇచ్చి, నకలు మండల విద్యాధికారికి ఇచ్చి రశీదు తీసుకోవాలి. నీటి పరీక్షల దరఖాస్తు కలెక్టరు ప్రజావాణిలో పెట్టాలి, ఒక్కరు పోకుండా ఊరికి పదిమంది పోవాలి. ఒడిశా, బీహార్ తల్లిదండ్రులను కూడా పిలవాలి, వాళ్ల దగ్గర మనకు తెలియని కూరలు ఉన్నాయి. బడి ప్రహరీ వెంట కంచె మీద పాకడానికి అనుములు వేయాలి. వాటికి పెద్దగా నీళ్లు అక్కర్లేదు, దసరా సెలవుల్లో ఎవరూ చూడకపోయినా బతుకుతాయి, సంక్రాంతికి ముందు బడి నడుస్తుండగానే కాయ వస్తుంది. విత్తనం దుకాణంలో కొనవద్దు. ఇంకా ఇంట్లో కుండలో బూడిద కలిపి దాచుకున్నవాళ్లు మన సభ్యుల్లో ఉన్నారు, ఒక్కో బడికి రెండు దోసిళ్లు చాలు, మృగశిర కార్తెకు ముందే మండల కార్యదర్శికి అందజేయండి.